నాలుగుంబావుకే పొద్దుగుంకే ఊళ్లో

"ముక్కొక్కటే బాప్తిస్మం తీసుకోలేదమ్మాయ్. నోరు కాఫీ మానేసి నలభై అయిదేళ్లయింది. పక్కింటివాళ్లు కాఫీ పెట్టారో, ఈ ముక్కు మాత్రం గోడ దూకి వెళ్లిపోతుంది," అంటూ ఇల్మేన్ అక్క నా ముందు నిమ్మగడ్డి టీ పెట్టింది.

గురువారం మధ్యాహ్నం. మాంట్రియల్‌లో మా హైతీవాళ్ల అడ్వెంటిస్టు చర్చి, దాని వెనక వంటిల్లు. మా సంఘంలో బాప్తిస్మం తీసుకుంటే కాఫీ మానెయ్యాలి. అక్క పళ్లెంలో ఎర్రబీన్స్ పోసుకుని రాళ్లు ఏరుతోంది. శుక్రవారం పొద్దుగుంకితే సబ్బాతు, మా విశ్రాంతి దినం, మొదలవుతుంది. ఇక శనివారం పొద్దుగుంకేదాకా ఏ పనీ చెయ్యకూడదు, పొయ్యీ వెలిగించకూడదు. శనివారం నాలుగు వందల మంది తినే అన్నమూ బీన్సూ ఆలోపే ఉడికిపోవాలి. డెబ్భై ఒకటో ఏట కూడా ఆ ఏరే పని ఇంకొకళ్లకి ఇవ్వదు. "మీ కళ్లజోళ్లని నేను నమ్మను," అంటుంది.

"ఊరికే టీ తాగడానికి రాలేదు నువ్వు. చెప్పు," అంది.

విద్‌లీన్ సంగతి చెప్పాను. రెండేళ్ల కిందట హైతీ నుంచి ఇద్దరు పిల్లలతో వచ్చి మా చర్చిలో చేరింది, కోళ్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని. రేపటి నుంచి శుక్రవారాలు సాయంత్రం ఆరుదాకా ఉండాలన్నారట. నవంబరు నెల, ఇక్కడ పొద్దు నాలుగున్నరలోపే గుంకుతుంది. ఉండనంటే సోమవారం రావద్దన్నాడట సూపర్‌వైజరు. పాస్టరుగారు ఉత్తరం రాసిస్తే, ఇలాంటివి చదవనని తిరిగిచ్చేశాడట. రేపు పొద్దున ఆరున్నరకి ఏదో ఒకటి చెప్పాలి. ఈ దేశంలో ఉండనిస్తారో లేదో తేలేది వసంతంలో. అప్పటిదాకా ఆ పనే ఆధారం.

"ఏం చెయ్యమంటావో అడిగి రమ్మంది అక్కా."

అక్క వేళ్లు ఆగలేదు. "నా తప్పు కథ నీకు తెలుసుగా?"

తెలియకేం. మా సబ్బాతు బడిలో పిల్లలకి కూడా తెలుసు. అక్క హైతీలోని లే కాయ్ ఊరి నుంచి వచ్చిన మొదటి ఏడు అది. ఆరు కుటుంబాలు, ఆమె వంటింట్లో ప్రార్థన. మా దేశంలో పొద్దు ఏడాది పొడుగునా ఆరు చుట్టూనే తిరుగుతుంది. అందుకని ఇక్కడా శుక్రవారం ఆరింటికి శుభ్రంగా స్నానాలు చేసి, తెల్లబట్టలు కట్టి, సబ్బాతుకి స్వాగతం పాడేవారు. ఆడవాళ్లంతా నేలమాళిగలో చలికోట్లు కుట్టే పని, కిటికీల్లేవు. బయటికొచ్చేసరికి చీకటిగా ఉంటే ఈ దేశపు మబ్బు ఇంతే కాబోలనుకున్నారు. డిసెంబరులో ఒకరోజు టాక్సీ నడిపే దియెదొన్నె పేపరు పట్టుకొచ్చాడు. "ఏం ఇల్మేన్, ఆరింటికి ఎవరికి స్వాగతం పాడుతున్నారు? సూర్యుడు నాలుగూ పన్నెండుకే దుకాణం కట్టేశాడు!"

"నెలన్నర సబ్బాతులో కుట్టాం," అని అక్క ఇప్పుడూ నవ్వింది. "అంత భక్తిగా, అంత తప్పుగా! నా పక్క మిషన్ మీద కుట్టే సెరఫీన్ ఏడుస్తుంటే నాకు నవ్వాగలేదు."

కథ ఎప్పుడూ అక్కడే అయిపోయేది. మేమూ నవ్వి లేచేవాళ్లం. ఈసారి అక్క పళ్లెం పక్కన పెట్టింది.

"ఆ పై శుక్రవారం యజమాని గదికి వెళ్లాను. మూడున్నరకి వదలండి, తెల్లవారుజామునే వచ్చి ఆ గంటలు కుడతానన్నాను. 'మీ దేవుడికి గడియారముంటే నా ఫ్యాక్టరీకీ ఉంది' అన్నాడు. మూడున్నరకి మిషన్ మీద గుడ్డ కప్పి లేచొచ్చేశాను. సోమవారానికి నా కుర్చీలో ఇంకొకామె."

"తర్వాత?"

"నా ఒదెత్ అప్పటికి ఆరేళ్లది, లే కాయ్‌లో మా అమ్మ దగ్గర. దాన్ని రప్పించుకోవాలంటే నాకు పని ఉందని యజమాని సంతకం కావాలి. జనవరిలో పెడతానన్నాడు. పని పోయింది, సంతకమూ పోయింది. పిల్ల వచ్చేసరికి పదేళ్లది. విమానాశ్రయంలో నన్ను అమ్మా అనలేదు, పరాయిదాన్ని పిలిచినట్టు 'మదాం' అని పిలిచింది."

పాతికేళ్లుగా ఆమె పక్కన కూర్చుని పాడుతున్నాను. ఈ మాట ఎప్పుడూ వినలేదు.

ఆ నాలుగేళ్లే మా చర్చి పెరిగిన ఏళ్లు. అది మాత్రం అందరికీ తెలుసు. అక్క పొద్దున ఇళ్లు తుడిచేది, మధ్యాహ్నం మనవాళ్లుండే ఇళ్ల మెట్లెక్కేది. ఏ తలుపు సందులోంచి లవంగమూ థైమూ కలిసిన మన వంట వాసన వచ్చినా కొట్టేది. తెరిచినవాళ్లకి ముందు మంచుబూట్లు, తర్వాత ఆ వారం పొద్దుగుంకే నిమిషం రాసిన చీటీ. వాక్యం సంగతి మూడోసారి వెళ్లినప్పుడు. ప్రార్థనకి తన వంటిల్లు చాలకపోతే, ఆదివారం మాత్రమే తెరిచే ఓ చర్చివాళ్ల నేలమాళిగ అడిగింది. "శనివారం ఎటూ ఖాళీయేగా, మా పాటలకి మీ గోడలు వెచ్చబడతాయి" అందట. తర్వాత ఈ పాత తివాచీల దుకాణం కొన్నాం. నది అవతల మావే ఇంకో రెండు సంఘాలు లేచాయి. ఇవాళ్టికీ మా వారపు కాగితం మీద పాస్టరుగారి పేరు కంటే పైన ఉండేది పొద్దుగుంకే నిమిషమే.

"బాధ లేదా అక్కా?" అన్నాను.

"సబ్బాతు విషయంలో లేదు. ఒదెత్ విషయంలో రోజూ ఉంది. ఆ రెండిట్నీ నేను కలపను, అవీ కలవవు."

"మరి విద్‌లీన్‌కి ఏం చెప్పను?"

"విశ్వాసముంచమ్మా అని చెప్పడం నాకు తేలికే. నా పిల్ల నా దగ్గరికి వచ్చేసింది. పోతే పోయేది తనకి. తనే తేల్చుకుంటుంది. పని చేసినా సరే, శనివారం వచ్చి నా పక్కన కూర్చోమను. ఎవరైనా మూతి విరిస్తే ఆ మూతి సంగతి నేను చూసుకుంటా." పళ్లెం మళ్లీ దగ్గరికి లాక్కుంది. "కానీ ఆ రోజు ఆ గదిలోకి నేనొక్కదాన్నే వెళ్లాను. మిగతా అయిదుగురూ మిషన్ల మీద తలలు దించుకున్నారు. తప్పనను, అందరికీ పిల్లలున్నారు. అప్పుడు ఆరు కుటుంబాలం. ఇప్పుడు నాలుగు వందల మందిమి. అయినా తను రేపు ఒక్కతే వెళ్తే, మనం పెరిగి ఏం లాభం?"

నా చేతిలో చల్లారిన టీ తీసేసుకుంది.

"నీ ఫ్రెంచి బాగుంటుందిగా. పొద్దున ఆరుంబావుకల్లా ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరుండు. మాట్లాడేది తనే, తనకి మాట అందకపోతేనే నువ్వు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చో. బయటికి పొమ్మంటే, తను లేచేదాకా నువ్వు లేవకు."