గిన్నె వద్దనని పాపానికి

మొన్న ఆదివారం నంద్యాలలో మా వీధి చివరనున్న కోడిమాంసం అంగడికి వెళితే, నా ముందు నిలబడ్డ ఆయన సెల్‌ఫోనులోంచి తల ఎత్తకుండానే "కిలో, స్కిన్‌లెస్" అన్నాడు. రెండు నిమిషాల్లో నల్లసంచీ చేతికొచ్చింది, ఆ కోడి మొహం ఆయన చూడనే లేదు. నేను అరకిలో తెచ్చి, తినేది ఒక్కదాన్నే అయినా అలవాటు పోక మసాలా నూరి వండుకుని, కంచం ముందు కూర్చున్నాక నా నల్లపెట్ట గుర్తొచ్చింది. నా ఈడువాళ్లు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే ఈ గోడు అర్థమవుతుందని చెబుతున్నాను.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మూడో ఏడో నాలుగో ఏడో, ఆళ్లగడ్డలో బడిపంతులమ్మగా చేరాను. చిన్నప్పుడే అమ్మ పోతే, నంద్యాల బియ్యం మిల్లులో పనిచేస్తూ నన్ను చదివించింది నాయనే. ఆ నాయనే, తాను చూసిన సంబంధం కాదని ఉద్యోగానికి బయలుదేరానన్న కోపంతో రెండేళ్లు నాతో మాట మానేశాడు. ఉత్తరాలు రాస్తే జవాబు లేదు. నంద్యాల బస్సు వచ్చే వేళకు ఏదో పని కల్పించుకుని ఆ దారిన వెళ్లి, దిగేవాళ్లందరూ దిగిపోయాక కూడా కాసేపు నిలబడి తిరిగొచ్చేదాన్ని.

నేనున్న గది యజమానురాలు ఒక ముసలి అవ్వ. నా వాలకం చూసి జాలిపడి, గుప్పెడంత నల్లటి కోడిపిల్లను నా చేతిలో పెట్టింది. అది నా అరచేతిలో జొన్నలు తిని పెరిగి పెట్టయింది. సాయంత్రం బడినుంచి వచ్చాక నేను నోరు విప్పేది దానితోనే; పెద్ద పంతులు మీద నేను చెప్పిన చాడీలన్నీ గడప మీద కూర్చుని విన్నది, ఒక్కటీ బయటపెట్టలేదు. అంత గుట్టు తెలిసిన స్నేహితురాలు మళ్లీ నాకు దొరకలేదు.

అలా ఉండగా నాయన దగ్గరనుంచి కార్డు వచ్చింది. ఆదివారం వస్తున్నానని ఒక్క వాక్యం. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు, ఆ వెంటనే కోడి సంగతి గుర్తొచ్చింది. రెండేళ్ల కోపం దిగి గడప తొక్కుతున్న తండ్రికి కోడి కోయకపోతే, ఇంకా పట్టుదలతోనే ఉన్నానని అనుకోడూ! ఇంకో కోడిని కొనొచ్చు కదా అంటారేమో, సంత అప్పటికే దాటిపోయింది. పైగా నా పెట్ట గుడ్లు మానేసి నెలయింది.

అవ్వ తేలిగ్గా దారి చెప్పింది. "సాకిన చెయ్యి తినగూడదు పాపా. ఎదురింట్లో పుంజు ఉండాది, నీ పెట్టనిచ్చి దాన్ని తెచ్చుకో. ఈడ అందరం చేసేది అదే."

ఎదురింటి అక్క తన పుంజును నాకిచ్చి, నా పెట్టను చంకన పెట్టుకుని పోయింది. అది అరవలేదు. ఇచ్చింది నేనే కదా, నమ్మింది.

ఆదివారం నాయన వచ్చాడు. చిక్కిపోయాడు. ఇద్దరం మాటలు వెతుక్కుంటూ, నేనూ కూర్చోవాలని ఆయన పట్టుబడితే పక్కనే కూర్చుని, సంగటీ పుంజు కూరా తింటున్నాం. అంతలో ఎదురింటి అక్క, పంతులమ్మ నాయన వచ్చినాడంట అంటూ, ఆవిరి కక్కుతున్న గిన్నె తెచ్చి పెట్టి వెళ్లింది. ఆ కూర ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. గిన్నె పక్కకు జరపబోతే నాయన తనవైపు లాక్కుని రుచి చూసి, నీ కూర కన్నా ఇదే బాగుందని నవ్వి, తొడముక్క తీసి నా కంచంలో వేశాడు.

"ఏందీ, ఇట్ల బక్కచిక్కినావు? తిను పాపా."

రెండేళ్ల తర్వాత ఆయన నోట పాపా అన్న పిలుపు. వద్దంటే ఆ చెయ్యి వెనక్కి పోతుంది. తిన్నాను. ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను, చాలా రుచిగా ఉంది.

సాయంత్రం బస్సెక్కించి వచ్చేసరికి గడప ఖాళీ. మానికలో మిగిలిన జొన్నలు చూసి అప్పుడు ఏడ్చాను. అవ్వ నెత్తి కొట్టుకుంది. కోడిని మార్చుకునేటప్పుడు గిన్నె వద్దు అని ఒక మాట అనాలట. అనకపోతే ఆ పట్టింపు లేనివాళ్లనుకుని, కోసినరోజు ఒక గిన్నె కూర పంపుతారట. అక్కడ పుట్టినవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేని సంగతి, నాకెలా తెలుస్తుంది? నంద్యాలలో మా ఇంట కోళ్లే లేవు. ఆ చలికాలంలోనే నాయన పోయాడు. మళ్లీ నా గడప తొక్కనే లేదు.

సాకినదాన్ని తినొచ్చునా అన్నది ఈ వయసుకూ నాకు తేలలేదు. గిన్నె రాకపోయినా, దాన్ని చావుకు పంపింది నేను కాకుండా పోను. ఆ మార్పిడి నా కళ్లకు నేను కట్టుకున్న గంత, అంతే. ఇప్పుడు ఆ గంత కూడా ఎవరికీ అక్కర్లేదు. సాకేది ఎవరో, కోసేది ఎవరో, తినేవాళ్లకు బాధే లేదు. ఒకందుకు సుఖమే. అయినా మొన్న కంచం ముందు, కూర చల్లారిపోయేదాకా కూర్చున్నాను. అందులో ముక్క నేను సాకిందీ కాదు, ఎవరో తిను పాపా అని నా కంచంలో వేసిందీ కాదు.