మామకు వినపడని ఓట్ల లెక్క

రెండు వేల దశకంలో నేను మదనపల్లెలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. మా వైపు నుంచి కుప్పం దాకా ఎన్నికల ఫలితాలను ఇంటర్నెట్‌లో పెట్టే పని నాకు పడింది. అంకెలన్నీ పట్టికలో టైపు చేసే ఉన్నాయి. వాటిని అలాగే పెడితే సరిపోయేది. సీలూ సంతకమూ కనబడితేనే హోదా అనుకుని, ప్రింటు తీసిన కాగితాలను స్కాన్ చేసి ఫోటోలుగా ఎక్కించాను. ఆ ఘనకార్యం చూపించుకోవడానికి పుంగనూరులో మేనమామ ఇంటికి వెళ్లాను. చూపులేని మనిషికి చూపించుకోవడమేమిటని అప్పుడు తట్టలేదు.

మామ కంప్యూటర్ తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపిస్తుంది. ఎప్పుడూ ఆయన ఓటు పక్కవాళ్లు వేసేవారు, ఫలితమూ పక్కవాళ్లే చెప్పేవారు. ఈసారి తన వీధి పోలింగ్ బూతు లెక్క తానే వినాలని ఆశగా కూర్చున్నాడు. కంప్యూటర్ "ఇమేజ్" అంది. కిందికి జరిపితే మళ్లీ "ఇమేజ్" అంది.

"ఏమప్పా, ఈ ఇమేజ్ అనేటోడు యా పార్టీ? అన్ని బూతుల్లోనూ వాడే గెల్సినట్టుండాడే!" అన్నాడు మామ.

నాకు నవ్వు రాలేదు. "అవి ఫోటోలు మామా. ఫోటోలో ఉండే అక్షరాలు అది సదవదు. నేనే అట్ల పెట్టినా."

"యాల?"

"సూసేదానికి బాగుంటాదని."

"ఎవురికప్పా?"

తలదించుకున్నాను. అదీ ఆయనకు కనబడదు.

మామ స్పీకర్ కట్టేసి, "సరే, నువ్వే సదువు" అన్నాడు. ఇంకొకరి నోట వినకూడదని ఆయన అనుకున్న లెక్కను, గొంతు తగ్గించి నేనే చదివాను.