సవేత డాక్టరమ్మ ఆరు క్లిక్కులు

“ఆరు అని రాశావు. ఎక్కణ్ణుంచి ఆరు?”

“మూసిన చోటి నుంచి వదినా! లోకమంతా మరను చివరిదాకా బిగించి, అక్కణ్ణుంచే వదులుతూ లెక్కపెడుతుంది.”

“లోకానికి తెలిస్తే నాకు తెలిసినట్టేనా? ఆరు మిల్లీలని చీటీ రాసి, గొర్రెకని రాయకుండా నీ చేతికిస్తే నువ్వు తాగేస్తావా?”

“నీ చీటీ చూసి నేనేదీ తాగను. నాకింకా బతకాలనుంది.”

పెట్రిలా ఊళ్లో యోసిఫ్ షెడ్డుకు నా టైరు కోసం వెళ్లేసరికి ఈ గొడవ నడుస్తోంది. సవేత పశువుల డాక్టరు. నలభై తొమ్మిదేళ్లు. యోసిఫ్ ఆమె మరిది, మా లోయలో మోటార్‌సైకిళ్ల మెకానిక్కు. కిందటి అక్టోబరులో ఆమె బండికి కొత్త వెనక షాకబ్జర్ వేసింది ఇతనే. అందులో ఒక చిన్న మర ఉంటుంది. నొక్కుకున్న స్ప్రింగు ఎంత వేగంగా తిరిగి లేవాలో అది చెబుతుంది. బిగించేకొద్దీ నెమ్మదిగా లేస్తుంది. తిప్పితే క్లిక్కుక్లిక్కుమంటుంది. మూసిన చోటి నుంచి ఆరు వదలమని ఇతని ఉద్దేశం. ఆమె పూర్తిగా వదిలేసి, అక్కణ్ణుంచి ఆరు బిగించింది. దిగుడు దారిలో స్ప్రింగు గుర్రంలా తన్నింది. ఆమె వెన్నుపూస ఒకటి చిట్లింది.

అయిదు నెలలు పట్టీ కట్టుకుని పడుకుంది. లేచాక మొదట చేసిన పని, బూటు తనే తొడుక్కోవడం. నలభై నిమిషాలు పట్టిందట. ఆ మాట ఎవరికైనా గర్వంగానే చెబుతుంది.

ఇప్పుడు మే నెల. మందలు కొండెక్కాయి. ఆదివారంలోగా పై మూడు మందలకూ టీకాలు వెయ్యకపోతే ఆ పని జీపున్న డాక్టరుకు ఇస్తామని ఆఫీసు కబురు పెట్టింది. జీపు రాళ్ల దారి మొదట్లోనే ఆగిపోతుంది. ఆయన మందల్నే కిందికి దించమంటాడు. కాపరులు దించరు. టీకాలే మానేస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆమె బండి మీదే ఎక్కుతోంది.

“తారురోడ్డుకు ఒకటి, గులకరాళ్లకు ఒకటి, పై దారికి ఒకటి. మూడు లెక్కలు కావాలి. చేతి తొడుగులతో నేనే తిప్పుకోవాలి,” అంది.

గొర్రెలకు గుర్తు పెట్టే ఎర్ర రంగుతో మర మీద మూసిన చోట గీత గీసింది. టీకాల పెట్టె బరువుకు సరిపడా ఉప్పు గడ్డలు వెనక కట్టించింది. షెడ్డు వెనక రాళ్ల బాటలో వెళ్లి వచ్చింది.

“తన్నుతోంది.”

యోసిఫ్ మర దగ్గర వంగి లేచాడు. మళ్లీ వెళ్లింది.

“ఇప్పుడు కొంచెం నయం.”

మళ్లీ వంగాడు. మూడోసారి వచ్చేటప్పటికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి.

“పాడు చేశావు కదరా! మొదటి దానికన్నా ఘోరం.”

యోసిఫ్ చేతులు తుడుచుకుంటూ నేల చూశాడు. “వదినా, రెండుసార్లూ నేనేం ముట్టుకోలేదు. ఉత్తినే వంగాను. గీత చూసుకో.”

ఆమె చూసింది. మర కదల్లేదు.

నేను ఇంజనీరింగ్ రెండో ఏట మానేశాను. స్ప్రింగుల పాఠం మాత్రం పూర్తిగా విన్నాను. దాన్లో నడుం గురించి ఒక్క ముక్కా లేదు.

“చూశావుగా,” అన్నాడు యోసిఫ్, ఈసారి మెల్లగా. “ఏ లెక్క పెట్టినా నీకు తెలీదు. జీపాయనకే వదిలెయ్యి.”

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఉప్పు గడ్డల మీద చెయ్యి ఆనించింది.

“నిజమే. నా నడుం అబద్ధాలాడుతోంది. రాయి వస్తుందంటే చాలు, రాకముందే అరుస్తోంది. దాని సాక్ష్యం ఇక అడగను.”

నా వైపు తిరిగింది.

“ఒరేయ్, టూరిస్టుల్ని కొండెక్కించేవాడివి నువ్వే కదూ? రేపు ఖాళీయేనా?”

“ఖాళీయే డాక్టరమ్మా.”

“పొద్దున ఆరింటికి నీ బండేసుకుని నా వెనకాలే రా. రాళ్లు ఎగురుతాయి, కళ్లద్దాలు పెట్టుకో. నేను అరిచినా, ఏడ్చినా నా వంక చూడొద్దు. వెనక చక్రం వంకే చూడు. అది నేల వదిలితే హారన్ కొట్టు, ఆగి ఒక క్లిక్కు బిగిస్తాను. నా మీద జాలేసి మాత్రం కొట్టకు.”