స్కేలు పిన్ని కొలిచిన ఎత్తు

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు. చేతిలో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది కాబట్టి స్కేలు పిన్ని. పాస్‌పోర్టు ఆఫీసు ఎదుటి వరసలో, తాళాలు బాగుచేసే కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ మధ్య ఇరుక్కున్న ఫొటోల గది ఆవిడది. నలుగురు లోపలికొస్తే అయిదోవాడు గుమ్మంలో నిలబడాల్సిందే. ఒక పాత కంప్యూటరు, ఒక కెమెరా, ఒక ప్రింటరు, గోడకు కట్టిన తెల్లగుడ్డ, దాని ముందు స్టూలు, బల్ల మీద అద్దం పలక, బ్లేడు. అంతే సరంజామా.

ఖరీదైన సాఫ్ట్‌వేర్లేవీ ఆవిడ దగ్గర లేవు. కంప్యూటరుతో ఊరికే వచ్చే బొమ్మలు గీసుకునే ప్రోగ్రామే ఆవిడ సర్వస్వం. ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల వెడల్పు, నలభై అయిదు ఎత్తు అంటే అడ్డంగా నాలుగు వందల పదమూడు చుక్కలు, నిలువుగా అయిదు వందల ముప్ఫై ఒకటి అని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. చుక్కలు సరిపోయినంత మాత్రాన కాగితం మీద కొలత సరిపోతుందని నమ్మేటంత అమాయకురాలు మాత్రం కాదు. ప్రింటరంత అబద్ధాలకోరు లోకంలో ఇంకోటి లేదని ఆవిడ గట్టి అభిప్రాయం. కాగితానికి సరిపెట్టమనే టిక్కు ఒకటి ఉంటుంది, అది ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుని ఫొటోని కాస్త కుదించి పారేస్తుంది. అందుకని పిన్ని ప్రతి షీటు అంచునా పది సెంటీమీటర్ల గీత ఒకటి వేస్తుంది. ప్రింటు రాగానే ముందు గీత మీద స్కేలు పెడుతుంది. గీత పదికి పదీ ఉంటేనే మొహం వంక చూస్తుంది.

పెళ్ళయిన కొత్తలో ఆవిడ బట్టల ఫ్యాక్టరీలో కటింగు బల్ల దగ్గర పనిచేసింది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది గానీ, కొలత జబ్బు మాత్రం ఆవిడతోనే వచ్చేసింది. "కొంచెం అటూ ఇటూ అయితే ఏం కొంప మునిగిందమ్మా?" అని ఎవరైనా అన్నారో, అయిపోయారే! "నీ చొక్కాకి ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ పెట్టిస్తా, వేసుకు తిరుగుతావా?" అని వాయిస్తుంది. పక్కనే లామినేషను మిషను దగ్గర కూర్చునే మొగుడు ఆ గొడవలేవీ పట్టించుకోడు. ఆయన ఆ ఇంట్లో అంతకాలం నెగ్గుకొచ్చిందే వినపడనట్టు ఉండి.

ఒక రోజు ఆ కొట్టుకు ఒక నర్సు పిల్ల వచ్చింది. డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, మెడలో ఆసుపత్రి కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. సంచిలోంచి ఒక పాత ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. ఇంటి తలుపు ముందు నిలబడి నవ్వుతున్న సన్నటి అమ్మాయి. మడిచిన గొడుగు మొనని పాదం పక్కనే నేలకు ఆనించి, పిడి మీద చెయ్యి వేసుకుని ఉంది.

"మా అమ్మ. నాకు ఏడాది నిండకుండానే పోయింది. నిలువెత్తు ఫొటో ఇదొక్కటే" అంది పిల్ల.

"ఎంత సైజు కావాలి?"

"ఎంత ఉండేదో అంత."

పిన్ని తలెత్తింది.

"మా నాన్ననడిగితే ఇంత అని చెయ్యెత్తి చూపిస్తాడు. ఓసారి ఆ చెయ్యి ఆయన భుజం దగ్గర ఆగుతుంది, ఓసారి చెవి దాకా పోతుంది. అమ్మ వైపు వాళ్ళెవరూ లేరు. నాకు ఒక్కసారి మా అమ్మ పక్కన నిలబడాలనుంది పిన్నీ. అంతే. అంగుళం తేడా రాకూడదు."

పిన్నికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కనబడకుండా ఉండాలంటే ఆవిడకు తెలిసింది గద్దించడం ఒక్కటే. "సర్లే, ఏడవకు! ఆ తలుపు ఇంకా ఉందా, లేదా?" అంది. ఏడుస్తున్నది ఎవరో లామినేషను మిషను దగ్గరి మనిషికి కనబడుతూనే ఉంది.

తలుపు ఉంది. పిన్ని టేపు పట్టుకుని వాళ్ళింటికి తానే వెళ్ళింది. బస్సు డ్రైవరైన ఆ పిల్ల తండ్రి టేపు కొస పట్టుకుంటే, కింది గడప నుంచి పై కమ్మీ దాకా కొలిచింది. ఫొటోలో తలుపు ఇంత, అసలు తలుపు అంత, కాబట్టి పక్కనున్న మనిషి ఇంత అని లెక్క కట్టింది. బొమ్మని ముక్కలు చేసి, వరసకు మూడు కాగితాల చొప్పున ఆరు వరసలు ప్రింటు తీసి, ప్రతిదాని గీతా కొలిచి, అంచులు బ్లేడుతో కోసి, దళసరి అట్ట మీద అతికించింది. చుట్టూ కత్తిరించి గోడకు నిలబెట్టేసరికి మనిషి నిలబడ్డట్టే ఉంది.

పిల్ల వచ్చి చూసింది. వాళ్ళమ్మ తనకంటే సగం తల ఎత్తుగా ఉంది. పక్కన నిలబడి, మెల్లిగా వంగి ఆ కాగితం భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. "నాన్న చెవి దగ్గర చెయ్యి పెట్టిందే నిజం పిన్నీ, మా అమ్మ పొడుగే!" అంది. తండ్రి బొమ్మ వంక చూసి ఏదో అనబోయాడు, కూతురి మొహం చూసి మానుకున్నాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దాన్ని నిచ్చెన మోసినట్టు మోసుకుపోయారు. పిన్ని ఆ పూట ఎవరి మీదా అరవలేదు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఉద్యోగానికి నిలువెత్తు ఫొటో కావాలని ఒక కుర్రవాడొచ్చాడు. మనిషి పిన్ని భుజానికి వస్తాడు, అంతే. లోపల చోటు చాలక ఆవిడ వీధిలోకి దిగి, వాణ్ణి కొట్టు గుమ్మానికి కాస్త ముందుగా నిలబెట్టి కెమెరాలోంచి చూసింది. వాడి తల వెళ్ళి గుమ్మం పై కమ్మీకి తగులుతోంది.

"ఓరి దేవుడో!" అంది పిన్ని. కుర్రవాడు తన జుట్టేమైనా చెరిగిందేమోనని సవరించుకున్నాడు.

వాడి పని ఎలా ముగించిందో ఆవిడకే తెలియదు. పరుగున వచ్చి ఆ పాత ఫొటోని కంప్యూటరులో పెద్దది చేసి చూసింది. పాదాలకూ గడపకూ మధ్య నేలకు పరిచిన నాపరాళ్ళు రెండు కనబడుతున్నాయి. ఆ అమ్మాయి తలుపును ఆనుకుని లేదు, ముందుకొచ్చి నిలబడింది. దగ్గరున్నది పెద్దగా పడుతుంది, వెనకున్నది చిన్నగా పడుతుంది. చిన్నగా పడ్డ తలుపుతో పెద్దగా పడ్డ మనిషిని కొలిచింది తాను. గీత గీతకీ స్కేలు పెట్టిన మనిషి, ఆ రాళ్ళు రెండూ చూడలేదు!

"పోనిద్దూ. ఆ పిల్ల సంతోషంగా ఉంది కదా. కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడు మొగుడు. ఆయన పూర్తిగా విని మాట్లాడటమే ఒక వింత.

"సంతోషమేనండీ, కాదన్నానా? పరాయి మనిషి భుజం మీద తల పెట్టుకుని సంతోషిస్తోంది!" అంది పిన్ని, బ్లేడు బల్ల మీద విసిరికొట్టి.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. కాగితం అమ్మ పిల్ల మంచం పక్కనే గోడకానుకుని ఉంది. పిల్ల మొహం తెల్లబోయింది, ఆ తరవాత ఎర్రబడింది.

"ఇప్పుడెవరడిగారు మిమ్మల్ని? నాకీ అమ్మ చాలు."

"నువ్వే అడిగావు తల్లీ. అంగుళం తేడా రాకూడదన్నావు. ఇక్కడ తేడా అంగుళం కాదు."

"అయితే అసలెంత?"

"తెలీదు. తలుపుతో ఇక తేలదు."

"తెలీనప్పుడు ఉన్నదాన్ని చెడగొట్టడం ఎందుకు? వెళ్ళండి" అంది పిల్ల. పిన్నిని జీవితంలో అంతమాట అన్నవాళ్ళు లేరు. చెప్పులేసుకుని వచ్చేసింది. రాత్రి అన్నం సహించలేదు. తప్పు చేసినందుకు ఒక ఏడుపు, చెప్పినందుకు ఇంకో ఏడుపు.

కొన్నాళ్ళకు పిల్ల తనే వచ్చింది. జనం పల్చబడేదాకా గుమ్మం పక్కన నిలబడి, లోపలికొచ్చి బల్ల మీద ఒక గొడుగు పెట్టింది. గుడ్డ చివికిపోయి చువ్వలు తుప్పు పట్టాయి గానీ, పిడి నుంచి మొన దాకా కర్ర చెక్కు చెదరలేదు.

"ఫొటోలో అమ్మ పట్టుకున్నది ఇదే. నాన్న అటక మీంచి తీశాడు. అమ్మ కాలి పక్కనే ఆనించి ఉంది కదా, దీనికీ అమ్మకీ మధ్య రాళ్ళేమీ లేవు. కొలవండి పిన్నీ."

"నీకు ఎవరు చెప్పారే ఈ ఉపాయం?"

"ఎవరూ చెప్పలేదు. ఆ బొమ్మ పక్కన పడుకుంటే నిద్ర పట్టడం లేదు. తప్పని తెలిశాక అమ్మా అని పిలవడానికి నోరు రావడం లేదు."

పిన్ని గొడుగును ఒకసారి కొలిచి, నమ్మకం చాలక మళ్ళీ కొలిచింది. తెర మీద గొడుగు నిలువునా ఎన్ని చుక్కలో లెక్కపెట్టింది, మనిషి ఎన్ని చుక్కలో లెక్కపెట్టింది. వచ్చిన అంకె చూసి పిల్ల వంక చూడకుండా ప్రింటు మీట నొక్కింది. కాగితం వెనక కాగితం బయటికొచ్చింది. ఈసారి అయిదు వరసలకే అమ్మ అయిపోయింది.

అట్ట మీద అతికించి, కత్తిరించి, తెల్లగుడ్డ దగ్గర నిలబెట్టారు. పిల్ల చెప్పులు విప్పి పక్కన నిలబడింది. వాళ్ళమ్మ నడినెత్తి తన పెదవుల దగ్గర ఆగింది. భుజాలు ఇరుకుగా, మెడ సన్నగా, నవ్వు మాత్రం మొహమంతా. లామినేషను మిషను ఆగిపోయింది.

"ఇంతేనా అమ్మా నువ్వు?" అంది పిల్ల.

వంగి ఆ మొహంలోకి చూసింది. "ఈ ఫొటోనాటికి అమ్మకి ఇరవై రెండట పిన్నీ. నాకు ఇరవై ఆరు. నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకోడానికి అమ్మ లేదే అని ఇన్నేళ్ళూ ఏడ్చాను. నన్ను వదిలి పోయేముందు ఇంత పిల్ల తనెంత భయపడి ఉంటుందో, ఒక్కసారైనా అనుకోలేదు" అంది.

"ఆటో పిలవమంటావా? మీ నాన్నకి ఫోను చెయ్యనా? ఒక్కదానివి ఎలా తీసుకెళ్తావు?" అంది పిన్ని. గొంతు గద్దింపుకు రావడం లేదు.

"అక్కర్లేదు పిన్నీ. బరువేం లేదు."

వాళ్ళమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసి, పాదాలు నేలకు తగలకుండా పైకెత్తి పట్టుకుని, పిల్ల మెట్టు దిగింది. తల గుమ్మానికి కొట్టుకోకుండా రెండో చెయ్యి అడ్డం పెట్టింది. పాస్‌పోర్టు ఆఫీసు ముందు వరసలో ఉన్నవాళ్ళు పక్కకు జరిగి దారిచ్చారు.