పుటల వరుస తెలిసిన ప్రకాశమ్మ టీచర్

ప్రకాశమ్మ టీచర్ ఇక లేరని మొన్న పొద్దున నంద్యాల నుంచి ఫోన్ వచ్చింది. నా చెవులను నేనే నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే కదా, "రేపు బేగా రాప్పా, పని ఉండాది" అన్నారు!

బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసిన ఆ విదుషీమణి, పాత రాతప్రతులను కంప్యూటర్‌లో భద్రపరిచే మా చిన్న గ్రంథాలయానికి జీతం లేకుండా వచ్చి చేరారు. నేను స్కాన్ చేసేవాణ్ణి. ఏ పుట తర్వాత ఏ పుట, ఏ ప్రకరణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది అన్నది ప్రతి గ్రంథానికీ ఆమె పట్టిక రాసేవారు. ఆ పట్టిక లేకపోతే కంప్యూటర్‌కు అది పుస్తకం కాదు, ఫోటోల కుప్ప. ఒకసారి ఖాళీ పుటలెందుకని నేను తీసేస్తే, "రాసినోళ్ళు ఆడ ఆగినారప్పా. నువ్వెవురు తీసేకి?" అన్నారు. సిగ్గుపడి తిరిగి పెట్టాను.

నిరుడు ఆళ్లగడ్డలో బట్టల దుకాణం నడిపే నాగరత్నమ్మగారు, గతించిన తల్లి పాటల నోటుబుక్కు తెచ్చారు. ఆ తల్లి ముందు నుంచి పెళ్ళిపాటలు, పుస్తకం తిరగేసి వెనక నుంచి అహోబిలం స్వామి పాటలు రాసుకున్నారు. కుట్టు ఊడిపోయి ఉంది. నేను తొందరపడి కాగితాలన్నీ విడదీసి, తలకిందులుగా ఉన్నవాటిని తిప్పి, చేతికొచ్చినట్టు స్కాన్ చేసేశాను. ఏది ముందుదో ఏది వెనకదో ఆనవాలు మిగల్లేదు. శిథిలమైన ఆ కాగితాలు నా చేతుల్లోనే పొడిగా రాలిపోయాయి.

"ఎంత పని జేస్తివప్పా!" అన్నారు టీచరమ్మ. ఆదివారం ఆరాధన ఏనాడూ తప్పని ఆ క్రైస్తవ సాధ్వి, నరసింహస్వామి పాటలను గొంతెత్తి పాడుతూ, చరణానికి చరణం కుదుర్చుకుంటూ నెలల తరబడి కూర్చున్నారు. నాగరత్నమ్మగారు ఫోన్ చేసినప్పుడల్లా, "నాదే ఆలస్యమమ్మా, కండ్లు సరిగ్గా కనపడల్యా" అనేవారు. పక్కనే ఉన్న నేను తలవంచుకునేవాణ్ణి.

సమాధి దగ్గర నాగరత్నమ్మగారు నన్ను పలకరించారు. "మా యమ్మ పాటలు యాడికొచ్చినాయప్పా?"

"ఫోటోలన్నీ ఉండాయక్కా."

"ఫోటోలేం జేసుకునేది? పాడుకునేకి అయితాదా?"

సగమే అవుతుంది. తక్కిన సగం కుదుర్చగల మనిషిని అప్పుడే మట్టిలో దించాం. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నన్నే ఓదార్చారు.

టీచరమ్మా, మీ పాండిత్యానికి, మీ ఔదార్యానికి శతకోటి వందనాలు. మీ స్థానం పూరించగలవారు ఈ సీమలో లేరు. నాగరత్నమ్మక్కా, ఆమె కండ్లకు ఏ లోపమూ లేదు. మీ అమ్మ పాటలను చెదరగొట్టింది నేను.