రగ్నా కాల్చిన చేప

"దాన్ని కాల్చమని నిన్నెవరు అడిగారు?"

రేవు చెక్కల మీద పదిమంది వింటుండగా డెల్మర్ ప్రూయిట్ వేసిన ప్రశ్న ఇది. టెక్సస్‌లో ఈతకొలనులు కట్టి గడించిన మనిషి. ఎదురుగా నిలబడ్డ రగ్నా ట్వేట్ ఏళ్ల తరబడి అలాస్కాలోని పీటర్స్‌బర్గ్ రేవు నుంచి జనాన్ని సొంత పడవలో చేపల వేటకి తీసుకెళ్తున్న మనిషి. వాళ్లిద్దరి మధ్యా కొక్కేనికి వేలాడుతోంది ఒక హాలిబట్ చేప. మనిషికన్నా పొడుగు, తలుపంత వెడల్పు. తలలో రగ్నా పేల్చిన తూటా.

"ఎవరూ అడగలేదు, నేనే చెప్పాను," అంది రగ్నా. "పొద్దున తాడు విప్పకముందే చెప్పాను. పెద్ద చేపని నీళ్లలోనే కాల్చి గానీ పైకెత్తను, ఇష్టం లేనివాళ్లు ఇప్పుడే దిగండి అన్నాను. మీరు కాఫీ తాగుతూ తలూపారు."

"నాకేం వినబడలేదు."

"వినబడకుండానే తల ఎలా ఊగిందండీ?"

రేవంతా నవ్వింది. ఆ నవ్వుకి రగ్నాయే వెల చెల్లించుకోవలసి వచ్చింది.

ఎందుకు కాలుస్తుందో తెలియాలంటే ఆమె పడవలో పనిచేసే హాల్వర్ నడక చూస్తే చాలు. రగ్నాకి బాబాయ్. వయసులో ఉండగా ఒక హాలిబట్‌ని ప్రాణంతో పడవలోకి లాగారు. తోకతో అది కొట్టిన ఒక్క దెబ్బకి ఆయన మోకాలి కింద ఎముక విరిగి, వంకరగానే అతుక్కుంది.

ఇంతకీ ప్రూయిట్ బాధేమిటి? చేప మీద జాలి అనుకునేరు. తన గాలానికి కావాలనే సన్నటి దారం కట్టుకొచ్చాడు. అంత సన్నటి దారంతో అంత బరువు పట్టినవాడు లేడట, రికార్డు తనదేనట. కాల్చిన చేపని రికార్డుల వాళ్లు లెక్కలోకి తీసుకోరు. రికార్డు సంగతి పడవలో ఉన్నంతసేపూ నోరు విప్పి చెప్పినవాడు కాదు. దిగాక మాత్రం క్రీడాధర్మం అన్నాడు. నోట్లో కొక్కెంతో గంటన్నర ఈడ్చి ఆడించడం ధర్మం, ఒక్క తూటాతో ముగించడం అధర్మం! వసంతంలో ఇదే రగ్నా జనాన్ని వాగుల వెంట స్టీల్‌హెడ్ చేపల వేటకి నడిపిస్తుంది. పట్టినదాన్ని వదిలేయాలి, ఫొటో కోసమైనా నీళ్లలోంచి ఎత్తనివ్వదు. చేపల్ని గౌరవించడం ఆమెకి టెక్సస్ వాళ్లొచ్చి నేర్పాలి!

సాయంత్రం లాడ్జి యజమాని లోరెన్ బెక్ పడవ దగ్గరికి వచ్చాడు. వేసవిలో సాల్మన్‌కైనా హాలిబట్‌కైనా ఆమె పడవెక్కేవాళ్లలో ఎక్కువమంది ఆయన పంపేవాళ్లే.

"భోజనాల దగ్గర అందరి ముందూ పొరపాటైందని ఒక్క మాట అనెయ్ రగ్నా. ఇవ్వకుండా ఆపిన సగం బాడుగ ఇస్తానంటున్నాడు. నువ్వు కాదంటే మావాళ్లని వేరే పడవకి పంపాల్సొస్తుంది."

"ఇన్నేళ్లుగా పంపుతున్నావు, నా పడవలో ఒక్కడికైనా గోరు విరిగిందా?"

"అది కాదు. అతిథి దేవుడితో సమానం."

"అలాగైతే లాడ్జి తాళాలు కూడా దేవుడికే ఇచ్చెయ్యరా, పీడా పోతుంది," అన్నాడు హాల్వర్.

అయినా రగ్నా లాడ్జికి వెళ్లింది. శుభ్రమైన చొక్కా తొడుక్కుని మరీ వెళ్లింది. వేసవి సంపాదన పోతే చలికాలం గడవదు. బల్ల ముందు నిలబడి, అనాల్సిన మాట అనేలోపు ఒకటి అడగాలనిపించింది.

"ప్రూయిట్‌గారూ, అది ప్రాణంతో పడవలో పడుంటే ఎవరి కాలు పోయేది?"

ప్రూయిట్ రొయ్యలు ఒలుచుకుంటున్నాడు. తలెత్తలేదు. "మీ ముసలాయనది. అందుకేగా జీతమిచ్చేది."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లలో ఒక్కరు కూడా చెంచా కింద పెట్టలేదు. కాస్త వెన్న ఇటు జరపమన్నాడు బెక్.

"పొరపాటే అయింది," అంది రగ్నా. "తలూపినప్పుడే మిమ్మల్ని దింపెయ్యాల్సింది."

కోటు తీసుకుని వచ్చేసింది.

బెక్ అన్నంత పనీ చేశాడు. ఇప్పుడు ఆమె పడవ వారంలో సగం రోజులు రేవులోనే కట్టేసి ఉంటుంది. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఆమె చెప్పిన షరతు తిరిగి నోటితో అప్పజెప్పాలి, తలూపితే చాలదు. ప్రూయిట్ మాంసమంతా గడ్డకట్టించి పెట్టెల్లో విమానమెక్కించుకుపోయాడు. చేప పక్కన దిగిన ఫొటో తన దుకాణం గోడకి తగిలించాడట. తూటా దెబ్బ కనబడకుండా చేప తలకి తన టోపీ పెట్టాడు.

ఆ రోజు పడవ బాడుగలో సగం, పదకొండు వందల డాలర్లు, ఇంకా రావాలి.