డిక్కీలో లైటు

ఆ కార్ల షెడ్డులో అందరూ ఆయన్ను మైనస్ అనే పిలిచేవారు. నెలల తరబడి దూరం వెళ్లేవాళ్లు కార్లు తెచ్చి ఆయనకు అప్పజెప్పి పోయేవారు. కారు లోపలికి రాగానే ఆయన బానెట్ ఎత్తి, బ్యాటరీకి మైనస్ వైరు ఊడదీసి, దాని కొసకు గుడ్డ చుట్టేవాడు. నెలకోసారి మీటరు పెట్టి చూసి, పన్నెండున్నర వోల్టులకు తగ్గితే చిన్న చార్జరు తగిలించేవాడు. అద్దానికి వేలాడే కార్డు మీద తేదీ, అంకె వేసి సంతకం పెట్టేవాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన చేతిలో ఒక్క బ్యాటరీ చావలేదు. ఆ మాట రోజుకు మూడుసార్లయినా అనకపోతే ఆయనకు అన్నం సహించదు.

మోకాళ్లు మొరాయించాక షెడ్డు తాళాలు అల్లుడి చేతికి వెళ్లాయి. అప్పట్నుంచి ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అల్లుడు వచ్చిన వారానికే మైనస్ వైర్లన్నీ మళ్లీ బిగించేశాడు.

"వారానికోసారి అయిదు నిమిషాలు స్టార్ట్ చేస్తే చాలు మావయ్యా. ఎందుకీ చాదస్తం?"

"స్టార్ట్ చేసినప్పుడు బ్యాటరీ పోగొట్టుకున్నది అయిదు నిమిషాల్లో తిరిగి రాదండీ అల్లుడుగారూ. అరగంటైనా బండి రోడ్డు మీద తిరగాలి."

"అదంతా మీ రోజుల్లో."

పనివాళ్లందరి ముందూ అల్లుడు పకపకా నవ్వాడు. ఆ నవ్వును ఆయన మరిచిపోలేదు. రెండు నెలలు తిరిగేసరికి ఆ అయిదు నిమిషాలు కూడా అల్లుడి బద్ధకానికి బలైపోయాయి. కార్డుల మీద మాత్రం పెద్దాయన సంతకమే ఉండాలని కార్లవాళ్లు పట్టుబట్టారు. అల్లుడికి అదొక కంటగింపు.

ఒక సాయంత్రం ఓడ ఇంజినీరు గారి నల్ల కారు వెనక సన్నటి వెలుతురు కనిపించింది. అల్లుడు తన గాలి పంపు డిక్కీలో పడేసి, సరిగా మూయకుండా పోయాడు. లోపల లైటు వెలుగుతోంది. అరచేత్తో ఒక్కసారి నొక్కితే మూత పడిపోయేది. మైనస్ చెయ్యి ఎత్తాడు, మళ్లీ దించేశాడు.

ఇంజినీరు ఆరు నెలల తర్వాత సముద్రం మీంచి వచ్చేది ఇంకో పది రోజులకు. "రానీ, ఈ మొనగాడి సంగతి అప్పుడు తేలుతుంది" అనుకున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది కూడా. రోజూ వచ్చి చూసేవాడు. లైటు పసుపయింది, ఎర్రబడింది, అయిదో రోజుకు ఆరిపోయింది. ఆరో రోజు కార్డు రాయాల్సిన రోజు. మీటరు పెడితే గుట్టు బయటపడుతుంది. పెట్టకుండానే పన్నెండు పాయింట్ ఆరు అని రాసి, సంతకం గీకాడు. ఆ తర్వాత ఏమవుతుందో కసిలో ఆయనకు తట్టలేదు.

ఇంజినీరు వచ్చి తాళం తిప్పాడు. కారు కిక్కురుమనలేదు.

"అంతా మా అల్లుడుగారి నిర్వాకమండీ..." అని మైనస్ మొదలెట్టాడు.

ఇంజినీరు అద్దానికున్న కార్డు తీసి చూశాడు. "నాలుగు రోజుల కిందట పన్నెండు పాయింట్ ఆరు. సంతకం మీదే. ఈ సంతకాన్ని నమ్మే కదా పెద్దాయనా, కారు మీకు వదిలి వెళ్లింది?"

"మీటరు పెట్టలేదా మావయ్యా?" అన్నాడు అల్లుడు. ఈసారి నవ్వలేదు.

లైటు చూశానని చెప్పాలంటే, చూసి వదిలేశానని కూడా చెప్పాలి. మైనస్ "పెట్టలేదు" అన్నాడు. ఇంజినీరు ఆయన వైపు మళ్లీ చూడకుండా కారును వేరే బండికి కట్టించి లాక్కుపోయాడు.

మర్నాడు ఆయన షెడ్డుకు వెళ్లేసరికి అన్ని కార్ల బానెట్లూ లేచి ఉన్నాయి. మైనస్ వైర్లన్నీ ఊడదీసి, కొసలకు గుడ్డలు చుట్టి ఉన్నాయి. అద్దాలకు కొత్త కార్డులు వేలాడుతున్నాయి. ఒక్కొక్క దాని మీదా అల్లుడి సంతకం.

"మీ పద్ధతే మంచిది మావయ్యా" అంటూ అల్లుడు చెయ్యి చాచాడు. "ఆ మీటరు ఇలా ఇచ్చి, ఇంటికెళ్లండి."